‘చెప్పారు’కీ ‘చెప్పాడు’కీ మధ్య

మీ ఎంఏ జర్నలిజంలో ‘జాతి, జెండర్, వర్గం మాస్ మీడియాను ఎలా మలుస్తాయి’ అని ఒక పేపరు ఉందన్నారు. చదవాల్సిన పుస్తకాలన్నీ అమెరికావేనట. అక్కడి నల్లవాళ్ల, తెల్లవాళ్ల గొడవను హైదరాబాద్‌లో కూర్చుని ఎలా అర్థం చేసుకోవాలి, ఇక్కడ ఓనర్ కులాన్ని బట్టి వార్తలు రావడమేనా, ఇంకేమైనా ఉందా అని అడిగారు, డిసర్టేషన్‌కి సలహా కూడా అడిగారు.

నేను ఈ పనిలో ఇరవై నాలుగేళ్లున్నాను. జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌గా చేరాను, తర్వాత హైదరాబాద్ సిటీ పేజీలు చూశాను, ఆ తర్వాత ఒక న్యూస్ చానల్ అవుట్‌పుట్‌లో (వార్తల్ని ప్రసారానికి సిద్ధం చేసే విభాగంలో) చాలా ఏళ్లు చేశాను. ఓనర్ సంగతి నిజమే. తెలుగు పత్రికలు, చానళ్లు ఎక్కువ భాగం రెండు మూడు కులాల చేతుల్లో ఉన్నాయని టీకొట్టు దగ్గర ఎవర్నడిగినా చెప్తారు. కానీ ఓనర్ రోజుకి రెండు మూడు వార్తలనే పట్టించుకుంటారు. మిగతా మూడొందల వార్తలు ఆయనకి తెలియకుండానే అచ్చయిపోతాయి. మీరు వెతకాల్సింది ఆ మూడొందల్లో. (ఓనర్‌కి ‘పట్టించుకుంటారు’ అని రాశాను, గమనించారా? చెయ్యి దానంతటదే అలా రాసేసింది. దాని సంగతే ముందు చెప్తాను.)

సిటీ డెస్కులో ఉన్నప్పటి మాట. ఒక అపార్ట్‌మెంట్‌లో షార్ట్ సర్క్యూట్ అయి మంటలు లేచాయి. మూడో అంతస్తులో ఉండే రిటైర్డ్ ఇంజినీరు పొగకి ఊపిరాడక చనిపోయారు. ఆయన్ని కిందికి తీసుకొద్దామని పైకెక్కిన వాచ్‌మన్ కూడా చనిపోయాడు. కాపీ నా దగ్గరికి వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర, పదిన్నరకి పేజీ వదలాలి. హెడ్డింగ్ నేనే పెట్టాను: ‘అగ్నిప్రమాదంలో విశ్రాంత ఇంజినీర్ మృతి’. ఆయన వయసు, సొంతూరు, అమెరికాలో ఉన్న కొడుకు, ఫొటో, అన్నీ వేశాం. చిట్టచివర ఒక వాక్యం: ‘ఆయనను కాపాడబోయిన వాచ్‌మన్ ఎల్లయ్య కూడా మృతిచెందాడు.’

నాలుగో రోజు ఒక అమ్మాయి ఆ కటింగ్ పట్టుకుని ఆఫీసుకొచ్చింది. వాళ్ల నాన్న పేరు మల్లయ్య. పరిహారం దరఖాస్తుతో పాటు పేపర్ కటింగ్ కూడా పెట్టమన్నారట, తీరా చూస్తే అందులో పేరు తప్పు. ‘ఆ సారుకు ఊరు, వయసు అన్నీ రాసిన్రు. మా నాయినకు పేరన్న సక్కగ రాయరాదా మేడమ్’ అంది. కోపంగా కూడా అనలేదు.

రిపోర్టర్ని పిలిచి అడిగాను. ఇంజినీరు వివరాలు వాళ్ల తమ్ముడు ఫోన్‌లో ఒక్కొక్కటే చెప్పి రాయించారు. వాచ్‌మన్ పేరు పక్క బిల్డింగ్ వాచ్‌మన్ చెప్పాడు, ఫైరింజన్ మోతలో సరిగ్గా వినపడలేదు. మళ్లీ ఇంకొకర్ని అడగాలని అతనికి తట్టలేదు. నాకూ తట్టలేదు. ఇంజినీరు పేరు మీద అనుమానం వచ్చి ఉంటే నేను అప్పుడే నాలుగు ఫోన్లు చేసి ఉండేదాన్ని. అది నాకు బాగా తెలుసు కాబట్టే ఆ అమ్మాయి ముందు తలెత్తలేకపోయాను. సవరణ వేశాం, లోపలి పేజీలో, రెండు వాక్యాలు.

ఆ రోజు నుంచి నాకు క్రియల మీద పిచ్చి పట్టుకుంది. ఇంగ్లిష్‌లో ఎవరు చనిపోయినా ఒకటే మాట. తెలుగులో ఇంజినీరు ‘మృతిచెందారు’, వాచ్‌మన్ ‘మృతిచెందాడు’. మంత్రి ‘చెప్పారు’, ఆటో డ్రైవర్ ‘చెప్పాడు’. ఎవరికి ‘రు’ పెట్టాలో, ఎవరికి ‘డు’ పెట్టాలో నేను పనిచేసిన చోట ఎక్కడా రాసిపెట్టలేదు. అయినా కొత్తగా చేరిన కుర్రాడు వారం తిరక్కుండానే నేర్చేసుకునేవాడు. నిందితుల దగ్గర ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. సెల్‌ఫోన్ కొట్టేసినవాడు మొదటి వాక్యం నుంచే ‘డు’. వందల కోట్ల చిట్‌ఫండ్ ముంచిన పెద్దమనిషికి అరెస్టయిన రోజు కూడా ‘రు’, ఆయన్ని పోలీసులు ‘అదుపులోకి తీసుకున్నారు’. జైలుకెళ్లి నెలయితే గానీ ‘డు’ రాదు.

ఆడవాళ్ల సంగతికొస్తే మన వ్యాకరణమే ఒక అడుగు ముందుంది. బస్సు వచ్చింది, ఆవు వచ్చింది, ఆమె వచ్చింది. మూడింటికీ ఒకటే క్రియ. ఆ వరస తప్పించుకోవాలంటే ‘రు’ దాకా ఎక్కాలి, ఎక్కాలంటే డాక్టరో, కలెక్టరో, కనీసం టీచరో అయి ఉండాలి. కూరగాయలమ్మే ఆమె ఎప్పటికీ ‘చెప్పింది’ దగ్గరే ఉంటుంది. మీ పుస్తకాల్లో జెండర్, వర్గం వేర్వేరు అధ్యాయాలుగా ఉంటాయి. ఇక్కడ రెండూ ఒక్క క్రియలోనే దొరుకుతాయి.

రోడ్డు ప్రమాదాలు కూడా చూడండి. బంజారాహిల్స్‌లో అర్ధరాత్రి జరిగితే ‘అదుపుతప్పిన కారు బైకును ఢీకొట్టింది’. తప్పు కారుదే, లోపల మనిషి ఉన్నట్టే ఉండదు. అదే ఔటర్ మీదైతే ‘లారీ డ్రైవర్ నిర్లక్ష్యం ఇద్దరి ప్రాణాలు తీసింది’. ఇక్కడ లారీ మాయమై డ్రైవర్ మిగులుతాడు.

ఇప్పుడు అమెరికా దగ్గరికి వెళ్దాం, ఎందుకంటే ఆ పుస్తకాలు పనికిరానివేం కావు. 1967లో అక్కడ నగరాలు తగలబడ్డప్పుడు అధ్యక్షుడు జాన్సన్ వేసిన కెర్నర్ కమిషన్ 1968లో నివేదిక ఇచ్చింది. అందులో మీడియా గురించి విడిగా ఒక అధ్యాయమే ఉంది. పత్రికలు తెల్లవాళ్ల లోకంలో నిలబడి తెల్లవాళ్ల కళ్లతోనే దేశాన్ని చూస్తున్నాయని, న్యూస్‌రూముల్లో నల్లవాళ్లు ఐదు శాతం కూడా లేరని రాశారు. పదేళ్ల తర్వాత, 1978లో, అక్కడి సంపాదకుల సంఘం 2000 సంవత్సరానికల్లా జనాభాలో ఎంత వాటా ఉంటే న్యూస్‌రూములో అంత వాటా ఉండాలని లక్ష్యం పెట్టుకుంది, ఏటా లెక్క తీసింది. లక్ష్యం అందలేదు. కానీ లెక్క తీశారు. మన దగ్గర ఏ పత్రికా తనంతట తను ఆ లెక్క తీయదు, అడిగితే ‘మేం కులం చూడం’ అంటారు.

మన దగ్గర ఆ ప్రశ్న మొదట గట్టిగా అడిగింది కూడా ఒక నల్లజాతి అమెరికన్ విలేకరే. 1996లో వాషింగ్టన్ పోస్ట్ తరఫున ఢిల్లీలో ఉన్న కెన్నెత్ కూపర్, తనకి ఒక దళిత జర్నలిస్టుతో మాట్లాడాలని ఉంది, ఎవరైనా ఉంటే చెప్పమని సీనియర్ పాత్రికేయుడు బి.ఎన్. ఉనియాల్‌ని అడిగాడు. ముప్పై ఏళ్లుగా వృత్తిలో ఉన్న ఉనియాల్‌కి ఒక్క పేరూ గుర్తు రాలేదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న పాత్రికేయుల అక్రెడిటేషన్ జాబితా అంతా వెతికాడు, దొరకలేదు. ఆ సంగతే పయనీర్ పత్రికలో రాశాడు. 2006లో ఢిల్లీలోని 37 హిందీ, ఇంగ్లిష్ మీడియా సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే 315 మందిని లెక్కేస్తే, 71 శాతం అగ్రకుల హిందూ మగవాళ్లని తేలింది. దళితులు, ఆదివాసులు ఒక్కరూ లేరు. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ కలిసి 121 పెద్ద పోస్టులు చూస్తే 106 అగ్రకులాల వాళ్లవే, ఎస్సీ, ఎస్టీలు సున్నా. కూపర్ అడిగి అప్పటికి ఇరవై మూడేళ్లు.

ఇవన్నీ ఢిల్లీ లెక్కలు అంటారేమో. నేను ట్రైనీగా చేరిన బ్యాచ్‌లో ముప్పై మందిమి ఉంటే ఆడవాళ్లం నలుగురం. ఇద్దరు దళిత అబ్బాయిలు, ఒక ముస్లిం అబ్బాయి. పదేళ్ల తర్వాత ఆ ముగ్గురిలో ఒక్కడే ఈ వృత్తిలో మిగిలాడు, ఒకతను గ్రూప్స్ రాసి వెళ్లిపోయాడు, ఇంకొకతనికి ‘నీ భాష బాలేదు’ అని మూడేళ్లపాటు బ్రీఫ్స్ (రెండు మూడు వాక్యాల చిన్న వార్తలు) తప్ప ఇంకేం ఇవ్వలేదు. నేనూ పొలం ఉన్న రైతు కుటుంబం నుంచే వచ్చాను. నా ఇంటిపేరు వినగానే ఎడిషన్ ఇన్‌ఛార్జ్ ‘మనోళ్లేనా?’ అనడిగాడు. నేను ఆ ప్రశ్నకి నవ్వాను. ఆ నవ్వు నాకు ఎన్నోసార్లు పనికొచ్చింది.

అసలు ఎవరు విలేకరి కాగలరన్నది జీతం దగ్గరే తేలిపోతుంది. మీరు రోజూ చదివే జిల్లా వార్తల్లో ఎక్కువ భాగం మండల విలేకరులు పంపినవి. వాళ్లకి ఉద్యోగం లేదు. అచ్చయిన వార్త కొలిచి లైన్ అకౌంట్ ఇస్తారు, అది పెట్రోలుకి కూడా సరిపోదు. పత్రికా ఉద్యోగుల జీతాల మీద మజీఠియా వేతన సంఘం చేసిన సిఫార్సుల్ని 2014లో సుప్రీంకోర్టు సమర్థించినప్పుడు డెస్కులో స్వీట్లు పంచుకున్నాం, మండల విలేకరికి దానివల్ల రూపాయి పెరగలేదు. పైగా పంద్రాగస్టుకీ, ఉగాదికీ, సంస్థ వార్షికోత్సవానికీ యాడ్ టార్గెట్ ఉంటుంది. దాని మీద కమీషనే ఆయన సంపాదన. ఇప్పుడు మీరే ఆలోచించండి, ఈ పని ఎవరు చేయగలరు? సొంత పొలమో, రియల్ ఎస్టేటో, కాంట్రాక్టో ఉన్నవాళ్లు. యాడ్ ఎవరిస్తారు? సర్పంచ్, రైసుమిల్లు ఓనర్, ప్రైవేటు స్కూలు కరస్పాండెంట్. ఎస్సీ కాలనీలో నీళ్లు రావడం లేదని రాస్తే సర్పంచ్ వచ్చే ఏడాది ఫుల్‌పేజీ ఇస్తాడా? ఏ ఎడిటరూ ఆ వార్త ఆపమని చెప్పక్కర్లేదు.

ఆడవాళ్ల విషయం కొంచెం లోపలి నుంచి చెప్తాను. నాకు మొదట ఇచ్చింది వంటలు, ముగ్గులు, అందం చిట్కాల పేజీ. క్రైం బీట్ అడిగితే ‘రాత్రి డ్రాప్ వ్యాన్ నీకోసం ఎక్కడ పెట్టాలమ్మా’ అన్నారు. నైట్ షిఫ్ట్ చేయకపోతే ఫస్ట్ పేజీ నేర్చుకోలేం, ఫస్ట్ పేజీ రాకపోతే ఇన్‌ఛార్జ్ కాలేం. పైకి ఎక్కే మెట్టు ఒక వ్యాన్ దగ్గర ఆగిపోతుంది. ప్రపంచవ్యాప్తంగా 1995 నుంచి ఐదేళ్లకోసారి వార్తల్లో ఆడవాళ్లెంతమంది కనిపిస్తున్నారో లెక్కేసే ఒక ప్రాజెక్టు ఉంది. మొదటిసారి 17 శాతం వచ్చింది, 2020లో 25. పాతికేళ్లలో ఎనిమిది పెరిగింది. ఆ పాతిక శాతంలో కూడా ఎవరు మాట్లాడారు, ఎవరు ఏడుస్తూ కనిపించారు అన్నది మీరు విడగొట్టి చూడాలి.

మాటలు కూడా. మగవాడు చనిపోతే ‘ప్రైవేటు ఉద్యోగి ఆత్మహత్య’. ఆడమనిషి ఉద్యోగం చేస్తున్నా సరే ‘వివాహిత ఆత్మహత్య’. మగవాడికి ‘వివాహితుడు ఆత్మహత్య’ అనే హెడ్డింగ్ నేను ఒక్కటి కూడా చూడలేదు. 2018లో మిర్యాలగూడలో వేరే కులం అమ్మాయిని పెళ్లాడిన దళిత యువకుడు ప్రణయ్ హత్య జరిగినప్పుడు అందరం ‘పరువు హత్య’ అనే రాశాం. ఎవరి పరువు? చంపించినవాడి నోటిమాటని హెడ్డింగ్ చేశాం. దళిత సంఘాలు ‘కుల దురహంకార హత్య’ అనాలని గట్టిగా చెప్పాకే డెస్కుల్లో ఆ మాట మీద చర్చ జరిగింది. ‘హెడ్డింగ్‌లో పట్టదు’ అన్నారు మా దగ్గర. నిజమే, పొడుగు మాటే. నాలుగు కాలమ్‌ల హెడ్డింగ్‌లో సుబ్బరంగా పడుతుంది.

మీ పేపరంతా ఒకే చోట చూడాలంటే 2019 నవంబరు చివరి వారం తీసుకోండి. నేనప్పుడు చానల్‌లో ఉన్నాను. నవంబరు 24న ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలం ఎల్లపటార్ దగ్గర, ఊరూరా తిరిగి సామాన్లు అమ్ముకునే దళిత మహిళపై సామూహిక అత్యాచారం చేసి చంపేశారు. స్ట్రింగర్ (వార్తకింత అని తీసుకునే స్థానిక విలేకరి) ఫోన్ చేశాడు. బయటి నుంచి వార్తలు తెప్పించే మా ఇన్‌పుట్ వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న ‘విజువల్స్ ఉన్నాయా?’ ఒక ఫొటో ఉందన్నాడు. స్క్రోలింగ్‌లో వేశారు. మూడు రోజులకి, నవంబరు 27 రాత్రి, శంషాబాద్ దగ్గర వెటర్నరీ డాక్టర్‌ని అదే విధంగా చంపారు. తెల్లారేసరికి లైవ్ ఇచ్చే ఓబీ వ్యాన్లన్నీ అక్కడే. మా చానళ్లున్న జూబ్లీహిల్స్ నుంచి గంట ప్రయాణం కూడా కాదు. ఆసిఫాబాద్‌కి వ్యాన్ వెళ్లి రావాలంటే ఒక రోజు.

దూరం ఒక్కటే కారణమని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కానీ మా యాంకర్ లైవ్‌లో ‘మన ఇంటి ఆడపిల్ల’ అంది, మనస్ఫూర్తిగానే అంది, ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. స్కూటీ మీద డ్యూటీకెళ్లే, ఫోన్‌లో చెల్లెలితో మాట్లాడే అమ్మాయిని న్యూస్‌రూములో ప్రతి ఒక్కరూ సొంత ఇంట్లో ఊహించుకోగలిగారు. ఊళ్లు తిరిగి అమ్ముకునే మనిషిని ఊహించుకునేవాళ్లు ఆ గదిలో లేరు. బాధ నకిలీది కాదు. అది ఎవరి దాకా వెళ్లి ఆగిపోయింది అన్నదే మీరు చూడాల్సింది.

మొదటి రెండు రోజులు ఆ డాక్టర్ అసలు పేరు, ఫొటో అందరూ వేసేశారు, చట్టప్రకారం నేరమని తెలిసి కూడా. తర్వాత పోలీసులు ‘దిశ’ అనమన్నారు. ఆసిఫాబాద్ బాధితురాలికి ‘సమత’ అన్న పేరొచ్చింది. ఆమెకేం న్యాయం చేశారని దళిత సంఘాలు రోడ్డెక్కాకే మేం ఆ వార్తని మళ్లీ తీశాం. డిసెంబరు 6 తెల్లవారుజామున దిశ కేసు నిందితులు నలుగురూ ఎన్‌కౌంటర్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లుతున్న విజువల్ రోజంతా తిప్పాం. చనిపోయినవాళ్లు లారీల మీద పనిచేసే కుర్రాళ్లు, వాళ్ల తల్లులు మాట్లాడిన బైట్లు కూడా వచ్చాయి గానీ ఎక్కువసేపు నిలబడలేదు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ పోలీసుల కథనం నమ్మేలా లేదని, చంపాలనే కాల్పులు జరిపారని చెప్పింది. ఆ నివేదిక 2022లో బయటికొచ్చింది. సమత కేసు మాత్రం ప్రత్యేక కోర్టులో నడిచింది, 2020 జనవరి 30న ముగ్గురికి ఉరిశిక్ష పడింది. కెమెరాలు తక్కువున్న కేసుకే విచారణ దక్కింది. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో ఇప్పటికీ నాకు పూర్తిగా తేలలేదు.

ఎవరి కోసం వార్త తయారవుతుందన్నది కూడా లెక్క ప్రకారమే. టీవీ రేటింగ్ మీటర్లు పెట్టే ఇళ్లను రెండు కొలతలతో తరగతులుగా విడగొడతారు. ఇంట్లో ముఖ్యంగా సంపాదించేవాళ్లు ఎంతవరకు చదివారు, ఫ్యాను, గ్యాస్ స్టవ్, ఫ్రిజ్, ఏసీ, కారు, వ్యవసాయ భూమి లాంటి 11 వాటిలో ఎన్ని ఉన్నాయి. అన్నిటికంటే పైనుండే ‘ఏ’ తరగతి వాళ్లు చూస్తే యాడ్‌కి ఎక్కువ రేటు. నగరంలో ప్రతి రియల్ ఎస్టేట్ వెంచర్ వాళ్లూ అడిగేది ఆ తరగతినే. ట్రాఫిక్ జామ్ వార్త హైటెక్ సిటీ నుంచి రోజూ వస్తుంది, నాలా పొంగిన వార్త పాతబస్తీ నుంచి పిల్లాడు కొట్టుకుపోతే వస్తుంది.

పాతబస్తీ అన్న మాటే ఒక విశేషణం అయిపోయింది. మాదాపూర్‌లో గొడవపడినవాళ్లు ‘యువకులు’, చాంద్రాయణగుట్టలో గొడవపడినవాళ్లు ‘పాతబస్తీ యువకులు’. 2007లో మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకున్న ముస్లిం కుర్రాళ్ల సంగతి మీ సీనియర్లని అడగండి. పోలీసులు చెప్పింది చెప్పినట్టు బ్యానర్లయ్యింది. తర్వాత వాళ్లలో చాలామంది నిర్దోషులుగా బయటికొచ్చారు, ప్రభుత్వం పరిహారం కూడా ఇచ్చింది. ఆ వార్తలు లోపలి పేజీల్లో దొరుకుతాయి.

ఇక అచ్చంగా జాతి, రంగు అంటారా, అదీ ఉంది మన ఊళ్లో. టోలిచౌకిలో ఆఫ్రికన్ ఎవరు దొరికినా మా స్క్రోలింగ్‌లో ‘నైజీరియన్’. సూడాన్ విద్యార్థి అయినా సరే. విచిత్రమేమిటంటే ఆ వార్త రాసే విలేకరి రోజూ దాటి వెళ్లే ఏసీ గార్డ్స్ పేటకి ఆ పేరొచ్చింది నిజాం ఆఫ్రికన్ అశ్వికదళం (ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్) వల్లే. యాంకర్ల ఎంపికలో రంగు గురించి చెప్పక్కర్లేదు, ఏ చానలైనా పెట్టి చూడండి.

మారదా అంటే, ఒక విషయంలో మారడం నేను కళ్లారా చూశాను. సినిమాల్లో తెలంగాణ యాస అంటే కమెడియన్‌దో, రౌడీదో. పత్రికల్లో కృష్ణా, గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ల మాటే ‘భాష’. 1934లో తెలంగాణలో కవులే లేరన్న మాటకి జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులతో సంచిక తేవాల్సి వచ్చింది, తెలుసు కదా. 2012లో వీ6 చానల్ వచ్చి తీన్మార్ వార్తలు పూర్తిగా తెలంగాణ యాసలో చదివించాక, ‘ఇది వార్తా, నాటకమా’ అని నవ్విన మా చానల్ వాళ్లే ఆరు నెలలకి అలాంటి ప్రోగ్రాం కావాలని మీటింగు పెట్టారు. రేటింగ్ వచ్చింది కాబట్టి. వెనక ఒక ఉద్యమం ఉంది కాబట్టి. ఇప్పుడు ఇబ్బంది ఏమిటంటే ఆ యాస తొమ్మిదిన్నర సెటైర్ ప్రోగ్రాంకే పరిమితమైంది. బడ్జెట్ వార్త ఇప్పటికీ పాత భాషలోనే చదువుతారు.

మీ డిసర్టేషన్‌కి సలహా అడిగారు కదా. థియరీ రెండు అధ్యాయాలకి మించనివ్వకండి. అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లి ఒక వారం పేపర్లు తీసుకోండి. ప్రతి వార్తలో మనిషి పేరుందా, వయసుందా, ఫొటో ఉందా, క్రియ ‘రు’నా, ‘డు’నా, ‘ది’నా, మాట నేరుగా కోట్ చేశారా లేక పోలీసుల నోటి నుంచి వచ్చిందా, ఇంతే రాసుకోండి. ఉర్దూ చదవడం వచ్చిన స్నేహితులుంటే అదే రోజు సియాసత్ కూడా పక్కన పెట్టుకోండి, ఒకే సంఘటన రెండు ఊళ్లలో జరిగినట్టు ఉంటుంది.

2019 నవంబరు చివరి వారమే తీసుకుంటానంటే ఒక జాగ్రత్త. తెలుగులో జిల్లా ఎడిషన్ల పద్ధతి 1989లో ఈనాడుతో మొదలై అందరికీ పాకింది. దానివల్ల ప్రతి ఊరి పేరూ పేపర్లోకి ఎక్కింది, ఎక్కిన ఊరి వార్త ఆ జిల్లా దాటి పోకపోవడమూ అలవాటైంది. కాబట్టి లైబ్రరీలో హైదరాబాద్ ఫైలు ఒక్కటే ఇస్తే సరిపెట్టుకోకండి. 25, 26 తేదీల ఆదిలాబాద్, ఆసిఫాబాద్ పేజీలు కూడా కావాలని అడగండి.